సందేహాలు – సమాధానాలు: ‘జిల్లా తాపనం’, ‘కార్బన్ పట్టివేత’ అనొచ్చా?

సందేహం: స్టాక్‌హోంలో ఉంటున్నానండీ. ఇక్కడి ప్లాంటు గురించి మనవాళ్ల కోసం ఇలా రాశాను: “జిల్లా తాపన వ్యవస్థలో వ్యర్థ వేడిని విలీనం చేస్తూ కార్బన్ పట్టివేత చేపడుతున్నారు.” చదివినవాళ్లు అర్థం కాలేదంటున్నారు, తప్పెక్కడుంది?

సమాధానం: ముందు ‘జిల్లా’ తీసెయ్యండి, అది ఇంగ్లీషు ‘డిస్ట్రిక్ట్ హీటింగ్’కి మక్కీకి మక్కీ అనువాదం. మనకి జిల్లా అంటే కలెక్టరు ఉండే జిల్లాయే, మీరు చెప్తున్నదేమో ఒకచోట నీళ్లు కాచి భూమిలో పైపుల ద్వారా ఊరంతా పంపి, ఇళ్లు వెచ్చబడ్డాక చల్లారిన నీళ్లని మళ్లీ ప్లాంటుకి తెచ్చుకునే ఏర్పాటు, స్టాక్‌హోంలో ఆ పైపులే దాదాపు 3,000 కిలోమీటర్లున్నాయి. స్వీడిష్ వాళ్లు కూడా దీన్ని ‘దూరపు వేడి’ అనే అర్థమొచ్చే మాటతోనే పిలుస్తారు. నేనైతే ‘ఊరుమ్మడి వేడి సరఫరా’ అంటాను.

ఇక ‘కార్బన్ క్యాప్చర్’కి మీరు వాడిన ‘పట్టివేత’ అనగానే గంజాయి, ఎర్రచందనం గుర్తొస్తాయి, పేపర్ హెడ్డింగులు ఆ మాటని అలా ఖాయం చేసేశాయి. వాన నీటికి వాడే ‘ఒడిసిపట్టడం’ ఎంత చక్కగా సరిపోతుందో చూడండి, చేజారిపోయేదాన్ని ఆపి దాచడం కదా! మీరు రాసిన ప్లాంటులో, అంటే స్టాక్‌హోంకి వేడి సరఫరా చేసే వేర్తా ప్లాంటులో, చెయ్యబోయేది అదే: కలప వ్యర్థాలు కాల్చిన పొగలోంచి పొటాషియం కార్బొనేట్ ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్‌ని విడదీసి, ద్రవంగా మార్చి, ఓడల్లో తీసుకెళ్లి సముద్రం అడుగున రాతి పొరల్లో దాస్తారు. ఏడాదికి 8 లక్షల టన్నులు లక్ష్యం, 2025 మార్చిలో పెట్టుబడికి ఓకే అన్నారు, 2028లో మొదలవ్వాలి. ఒట్టి ‘కార్బన్’ కాకుండా ‘కార్బన్ డయాక్సైడ్’ అని వాయువు పేరు పూర్తిగా రాయండి. పాత పాఠ్యపుస్తకాల ‘బొగ్గుపులుసు వాయువు’ అంటే నాకు చాలా ఇష్టం, కానీ ఆ ప్లాంటులో బొగ్గు కాల్చడం 2020లోనే మానేశారు, కాబట్టి ఇక్కడ ఆ పేరు పాఠకుణ్ణి తికమక పెడుతుంది.

‘వ్యర్థ వేడి’ వైరి సమాసం, సంస్కృతం మాటకి తెలుగు మాట అతికించారు. వ్యాకరణం సంగతి పక్కన పెట్టినా అర్థం కూడా కుదరట్లేదు. ఆ వాయువుని విడదియ్యడానికి, కంప్రెస్ చెయ్యడానికి బోలెడు ఎనర్జీ కావాలి, అందులో చాలా భాగం మళ్లీ వేడిగానే బయటికొస్తే దాన్ని ఊరి నీళ్లకే ఎక్కిస్తారు, వేడి కొనే ఊరు పక్కనే ఉండటం ఈ పని గిట్టుబాటవ్వడానికి సాయపడుతుంది. డేటా సెంటర్ల సర్వర్ల వేడిని కూడా ఈ ప్లాంటు నడిపే కంపెనీ డబ్బిచ్చి కొంటుంది. డబ్బిచ్చి కొనేదాన్ని వ్యర్థం అనకూడదండీ! ‘మిగులు వేడి’ అనండి, రెండూ తెలుగు మాటలే, హాయిగా ఆచ్ఛిక సమాసం.

‘విలీనం’ కూడా వద్దు. సంస్థానాలు, బ్యాంకులు విలీనమైతే వాటి ఉనికే పోతుంది, ఇక్కడ ఏదీ పోవట్లేదు. ‘కలపడం’ చాలు.

ఇలా రాసి చూడండి: “పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని ఒడిసిపట్టి, ఆ పనిలో వచ్చే మిగులు వేడిని ఊరుమ్మడి వేడి సరఫరాలో కలుపుతారు.” ‘చేపడుతున్నారు’ బదులు ‘కలుపుతారు’ అన్నాను, ఎందుకంటే ఆ ప్లాంటులో కార్బన్ డయాక్సైడ్‌ని ఒడిసిపట్టే ఏర్పాటు ఇంకా కడుతున్నారు.