విదేశీ క్లబ్‌కు వెళ్లిన రగ్బీ ఆటగాడు దేశాన్ని వదిలేసినట్టేనా?

కాదనే అంటాను. రగ్బీలో ఒక్క గట్టి దెబ్బతో కెరీర్ ముగిసిపోవచ్చు. ఒంట్లో సత్తువ ఉన్న ఆ కొద్ది ఏళ్లలోనే ఇల్లు నిలబెట్టుకోవాలి.

న్యూజీలాండ్ మాత్రం స్వదేశంలో ఆడేవాళ్లనే జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్‌లోకి తీసుకుంటుంది. ఆస్ట్రేలియా 2015లో కొంత పట్టు సడలించింది: 60 టెస్టులు (అంతర్జాతీయ మ్యాచ్‌లు), స్వదేశంలో 7 ఏళ్ల ఆట ఉంటే విదేశాల్లో ఆడేవాళ్లూ జాతీయ జట్టుకు ఆడొచ్చంది. ఫ్రాన్స్‌లో ఆడుతున్న మాట్ గిటో అలా తిరిగొచ్చి, ఆ ఏడాది ప్రపంచకప్ ఫైనల్ ఆడాడు.

నన్ను ఎక్కువగా కదిలించింది చార్లెస్ పియుటౌ. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో, పసిఫిక్ ద్వీపదేశం టోంగా మూలాలున్న ఇంట పుట్టాడు. ఆల్ బ్లాక్స్‌కు ఆడి, తర్వాత ఇంగ్లండ్ క్లబ్‌కు వెళ్లాడు. మూడేళ్లు అంతర్జాతీయ మ్యాచ్‌లకు దూరంగా ఉంటే, తల్లిదండ్రులు పుట్టిన దేశానికి మారవచ్చని 2022లో నిబంధన వచ్చింది. 2023 ప్రపంచకప్‌లో అతను టోంగా జెర్సీ వేసుకున్నాడు. దాన్ని ద్రోహమని ఎలా అంటాం?