మీ ప్రశ్న – మా జవాబు: ముందు మూలలు, తర్వాత గీతలు

ప్రశ్న: నేను రెండు, మూడు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. త్రిభుజం గీయమంటే అందరూ అడుగున అడ్డగీత, పైన కొన ఉన్న బొమ్మనే గీస్తారు. దాన్నే తలకిందులుగా చూపిస్తే ‘ఇది త్రిభుజం కాదు టీచర్’ అంటారు. స్కేలుతో చతురస్రం గీస్తే నాలుగో భుజం దగ్గరికి వచ్చేసరికి మూల కలవదు. చెరిపి చెరిపి కాగితం చిరిగిపోతోంది. వీరికి ఆకారాలు గీయడం ఏ క్రమంలో నేర్పాలి?
– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ వేర్వేరు. మొదటిది చూపుకు సంబంధించినది, రెండోది గీసే వరుసకు సంబంధించినది.

నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీలే దంపతులు 1957లో తమ పరిశోధనల్లో, పిల్లల జ్యామితి అవగాహన మెట్లు మెట్లుగా పెరుగుతుందని వివరించారు. మొదటి మెట్టు మీద ఉన్న పిల్లవాడు ఆకారాన్ని మొత్తంగా, ఒక ముఖాన్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. భుజాలు ఎన్ని, మూలలు ఎన్ని అని లెక్కపెట్టి చూడడం తర్వాతి మెట్టు. మనం నల్లబల్ల మీద ఎప్పుడూ ఒకే తీరు త్రిభుజం గీస్తూ ఉంటే, ఆ నిలబడిన తీరే త్రిభుజమని వాడి మనసులో ముద్ర పడుతుంది. ఇందులో పిల్లల తప్పు లేదు. అందుచేత మొదటి రోజు నుంచే వాలినవి, తలకిందులైనవి, సన్నగా పొడవుగా సాగినవి కూడా గీసి చూపండి. వాటితో పాటు ఒక మూల కలవని బొమ్మనూ, ఒక భుజం వంకర తిరిగిన బొమ్మనూ పెట్టి, ఇవి ఎందుకు త్రిభుజాలు కావో పిల్లల చేతనే చెప్పించండి.

గీయించేటప్పుడు మాత్రం ‘ముందు మూలలు, తర్వాత గీతలు’ అన్న పద్ధతిని పట్టుకోండి. ఒకే వరుసలో పడకుండా మూడు చుక్కలు ఎక్కడైనా పెట్టించి, స్కేలుతో రెండేసి చుక్కలను కలిపిస్తే చాలు, ప్రతి పిల్లవాడికీ ఒక త్రిభుజం వస్తుంది. ఏ ఇద్దరిదీ ఒకేలా ఉండదు. పిల్లలు సాధారణంగా మూడేళ్ళకు వృత్తాన్నీ, నాలుగైదేళ్ళకు చతురస్రాన్నీ చూసి గీయగలుగుతారు కానీ, ఏటవాలు గీతలు కుదరడానికి మరికొంత కాలం పడుతుంది. కొన మీద నిలబడిన రాంబస్ (నాలుగు భుజాలూ సమానంగా ఉన్న వాలు బొమ్మ) ఆరేడేళ్ళ దాకా చాలామందికి లొంగదు. చుక్కలు ముందే ఉంటే చేతికి గమ్యం కనిపిస్తుంది, ఆ ఏటవాలు భయం తగ్గుతుంది.

ఇక కలవని చతురస్రం. పిల్లలు ఒక భుజం చివర నుంచి మరో భుజాన్ని గీస్తూ చుట్టూ తిరిగి వస్తారు కాబట్టి, ప్రతి మూల దగ్గరా జరిగిన చిన్న పొరపాటు పోగుపడి చివరి మూలలో బయటపడుతుంది. ఒక మూల 2 డిగ్రీలు ఒరిగితే చాలు, 5 సెంటీమీటర్ల భుజం చివర దాదాపు 2 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కాబట్టి వరుస మార్చండి. అడుగు భుజం 5 సెంటీమీటర్లు గీసి, దాని రెండు కొసల దగ్గరా నిటారు గీతలు లేపి, రెంటి మీదా 5 దగ్గర చుక్కలు పెట్టి, ఆ చుక్కలను కలపమనండి. నాలుగో భుజం దానంతట అదే వస్తుంది. దాన్ని కొలిచి చూసినప్పుడు 5 వస్తే పని చాలావరకు సరిగ్గా జరిగినట్టు, రాకపోతే ఏ మూల ఒరిగిందో వెతకాలి. ఈ వెతకడం పిల్లలకు నేను చెప్పగల అతి మంచి పాఠం.

నిటారు గీతకు మూలమట్టం లేకపోయినా ఫర్వాలేదు. అంచులు చిరిగిన కాగితమైనా సరే, ఒకసారి మడిచి, ఆ మడత అంచు తన మీద తానే కచ్చితంగా పడేలా రెండోసారి మడిస్తే లంబకోణం తయారవుతుంది. పిల్లలు తమ చేతులతో చేసుకున్న ఈ మూలను పుస్తకానికీ బల్లకూ ఆనించి చూసుకుంటూ చాలాసేపు సంబరపడతారు, వారిని ఆపవద్దు.

స్కేలు సంగతి కూడా ఒక్కసారి గమనించండి. చాలా స్కేళ్ళలో సున్నా గీత అంచు దగ్గర కాక కాస్త లోపలికి ఉంటుంది. కొందరు పిల్లలు 1 దగ్గర మొదలుపెట్టి 5 దగ్గర ఆపుతారు, దాంతో గీత 4 సెంటీమీటర్లే వస్తుంది.

తిరిగిన చతురస్రాన్ని చుక్కల కాగితం మీద గీయించండి. ఒక చుక్క నుంచి కుడికి 3, పైకి 1. అక్కడి నుంచి ఎడమకు 1, పైకి 3. తర్వాత ఎడమకు 3, కిందికి 1. చివరగా కుడికి 1, కిందికి 3 వెళ్ళి మొదటి చుక్కను చేరాలి. మడిచిన కాగితం మూలను ఆనించి చూస్తే నాలుగూ లంబకోణాలే. వాలి ఉన్నా ఇది చతురస్రమేనని అప్పుడు వారే ఒప్పుకుంటారు. అయితే ఈ గళ్ళ చుక్కల మీద సమబాహు త్రిభుజం మాత్రం కచ్చితంగా కుదరదు, దానికోసం పిల్లలను కష్టపెట్టకండి. 6 సెంటీమీటర్ల గీత గీసి, అంతే పొడవున్న రెండు కాగితపు పట్టీలను దాని రెండు కొసల దగ్గరా గుండుసూదులతో గుచ్చి, పట్టీల రెండో కొసలు కలిసే చోట చుక్క పెడితే మూడో మూల దొరుకుతుంది. సుమారు 2300 ఏళ్ళ కిందట గ్రీకు గణిత పండితుడు యూక్లిడ్ తన జ్యామితి గ్రంథంలో నిరూపణలు మొదలుపెట్టింది ఈ నిర్మాణంతోనే. ఆయన వృత్తాలు గీశాడు, మనం పట్టీలు తిప్పుతున్నాం.

ప్రశ్న: మా మనవడు నాలుగో తరగతి. వృత్తలేఖినితో గీస్తే ముల్లు జారిపోయి, మొదలూ చివరా కలవడం లేదు.
– ఒక తాతగారు

జవాబు: అయ్యా, కాగితం కింద గట్టి బల్ల ఉంటే ముల్లు దిగదు. నాలుగైదు కాగితాలో, ఒక అట్టో పరచండి. పరికరాన్ని కాళ్ళ దగ్గర కాకుండా పైనున్న పిడి దగ్గర రెండు వేళ్ళతో పట్టి, తిప్పే దిక్కుకు కొద్దిగా వాల్చమనండి. కీలు వదులుగా ఉంటే మధ్యలో వ్యాసార్థం మారిపోతుంది కనుక మర బిగించండి. ఇవన్నీ చేసినా చెయ్యి తిరగకపోతే, పరికరాన్ని కదలకుండా ఉంచి కాగితాన్నే నెమ్మదిగా తిప్పనివ్వండి.