వార్నిష్ జోలికి పోకండి

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, ఆస్టిన్‌లో, హైస్కూలు జూనియర్ ఆర్‌ఓటీసీలో (మన ఎన్‌సీసీ లాంటిదే) డ్రిల్ చేస్తున్నాడు. ఆ పిచ్చి ముదిరి ఇప్పుడు కవాతుకు వాడే పాత డ్రిల్ రైఫిళ్ళు పోగేస్తానంటున్నాడు. మొన్న సంతలో నేవీ వాళ్ళ చెక్క తుపాకీ ఒకటి చూసొచ్చాడు. చెక్క అంతా గీతలు, ఇనుముకి తుప్పు. కొనమంటారా? పాలిష్ పెట్టిస్తే బాగుపడుతుందా? వేసవిలో గుంటూరు తీసుకెళ్ళి తాతయ్యకు చూపిస్తానంటున్నాడు. ఆయన ఎన్‌సీసీ మనిషి.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, కొనండి. పాలిష్ మాత్రం వద్దు. ఆ తప్పు నేను చేసి కూర్చున్నాను.

మీవాడు చూసింది బహుశా ‘మార్క్ వన్’ అయి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అసలు తుపాకులన్నీ సైన్యానికే చాలక, కొత్తగా చేరిన నావికులకు కవాతు నేర్పడానికి చేయించిన డమ్మీ. అయోవా రాష్ట్రంలో క్లారిండా అనే చిన్న ఊళ్ళో పారిస్-డన్ కంపెనీ చేసింది. అంతకుముందు వాళ్ళు పల్లె ఇళ్ళలో బ్యాటరీలు చార్జి చేసే గాలిమరలు చేసేవాళ్ళు! చూడ్డానికి అమెరికా సైన్యం వాడిన 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌లా ఉంటుంది, గుండు మాత్రం పేలదు. కంపెనీ పేరు, ఊరి పేరు దాని మీదే కొట్టి ఉంటాయి. అవి కనిపిస్తే బేరం మొదలుపెట్టండి.

నాకు దొరికిన మొదటి మార్క్ వన్ బట్ (భుజానికి ఆనించే చెక్క భాగం) మీద తెల్లరంగుతో 47 అని రాసి ఉంది. ఎవడో కుర్రాడి ర్యాక్ నంబరు. నేను ఉప్పుకాగితంతో రుద్ది, రెండు పూతలు వార్నిష్ వేశాను. మా ఆవిడ చూసి, ‘కొత్త కుర్చీలా ఉందండీ’ అంది. 47 పోయింది, కుర్రాడూ పోయాడు. ఇప్పుడు దాన్ని చూపించాలంటే సిగ్గేసి గోడకు చివర తగిలించాను. మీరు పొడిగుడ్డతో తుడవండి, తుప్పుకి కాస్త నూనె రాయండి, చాలు. బట్ కింది మూల అరిగి ఉంటే అది లోపం కాదు, తుపాకీని పక్కన నేలకు ఆనించమనే ‘ఆర్డర్ ఆర్మ్స్’ కమాండ్ అన్నప్పుడల్లా నేలకు తగిలిన చోటు. ఎడమచేయి పడే చోట చెక్క నున్నగా ఉంటుంది, వేలితో తడిమి చూడమనండి.

తర్వాత మీవాడు ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే తర్వాతి రకం, 1903ఏ3 మీద పడతాడు, రాసి పెట్టుకోండి. వీటిని రెమింగ్టన్ కంపెనీ, అప్పట్లో టైపుమిషన్లు చేసే స్మిత్-కరోనా కంపెనీ తయారుచేశాయి. గొట్టం కొసన, గురి చూసే ముందు సైటుకు వెనకగా, తయారైన నెల, సంవత్సరం కనిపిస్తాయి. వాటిలో కవాతు కోసం వెల్డింగు పెట్టి మూసేసినవీ ఉన్నాయి. కానీ అవి పుట్టుకతో నిజం తుపాకులు. వెల్డింగు ఉన్నంత మాత్రాన చట్టం దాన్ని బొమ్మ అనుకోదు. కొనేముందు మీ రాష్ట్రంలో సంగతేమిటో కనుక్కోండి. ఆ వెల్డింగు తీయించి కాల్చి చూద్దామనే వాళ్ళు తగులుతారు. అలాంటి వాళ్ళకు దూరంగా ఉండమనండి.

ఇంకోటి. ఏదైనా సరే, సంచిలో పెట్టి కారు డిక్కీలో వేసుకోండి. నేనోసారి వెనక సీట్లో పడేసి కూరగాయలకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా కారు చుట్టూ పోలీసులు. వంకాయల సంచి కింద పెట్టి చేతులు పైకెత్తాను.

గుంటూరుకు మాత్రం తేకండి. విమానంలో చేతిసామానులో ఒప్పుకోరు, ఇండియాలో 2016 ఆయుధ నియమాలు రెప్లికాలనూ వదల్లేదు. తాతయ్యను చూడ్డానికి వచ్చి కస్టమ్స్ దగ్గర కూర్చోవడం ఎందుకు?

నేనూ గుంటూరులోనే ఎన్‌సీసీ చేశాను. మాకిచ్చిన .303 రైఫిల్ మీద ‘డీపీ’ అని కొట్టి ఉండేది, డ్రిల్ పర్పస్ అన్నమాట. తుపాకీతో వందనం చేయమనే ‘సలామీ శస్త్ర్’ అనగానే అందరి అరచేతులూ ఒకే దెబ్బగా చెక్క మీద పడాలి. ఒక్కడిది ఆలస్యమైనా మళ్ళీ మొదట్నుంచి. రైఫిళ్ళు లెక్కపెట్టి కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, అప్పజెప్పాకే పూరీలు. మీ నాన్నగారో మామగారో, ఆయనకీ ఇదంతా గుర్తుండే ఉంటుంది. అందుకని ఒక పని చేయండి. తుపాకీ మీవాడి చేతికిచ్చి, ఫోను ఎదురుగా నిలబెట్టి, తాతయ్యను కమాండ్ ఇమ్మనండి. ‘బాజూ శస్త్ర్’ అంటే వాడికి తెలియదు. వాళ్ళ ‘ఆర్డర్ ఆర్మ్స్’ అదేనని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆయన ఊరుకోరు.