"అందరూ" అన్నచోట ఆగి చూడు

బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఎం.ఏ. ఫిలాసఫీలో చేరుతున్నావని, అందులోనూ లాజిక్ పేపర్ అంటే నీకు మహా ఇష్టంగా ఉందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి మాత్రం సరిగా నిద్ర పట్టలేదు. నీది చురుకైన బుర్ర. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే "అయితే ఇదన్నమాట" అనేస్తావు. సిలాజిజంలో, అంటే రెండు ఆధార వాక్యాల నుంచి మూడోది తేల్చే వాదంలో, అలాంటివాళ్లే ముందు పడిపోతారు, నేను పాఠం చెప్పినన్నాళ్లూ చూశాను.

మామూలు నియమాలు నీ పుస్తకంలో ఉంటాయి. మధ్య పదం, అంటే ఆధార వాక్యాలు రెండింటిలోనూ వచ్చే పదం, ఏదో ఒక వాక్యంలోనైనా తన గుంపు మొత్తాన్నీ సూచించాలి. ఆధార వాక్యాలు రెండూ "కాదు" అనేవైతే నిర్ధారణ రాదు. వెన్ చిత్రంలో, అంటే గుంపులను వృత్తాలుగా గీసే బొమ్మలో, "అన్నీ", "ఏదీ కాదు" అనే వాక్యాలకు ముందు ఖాళీ భాగాలపై గీతలు కొట్టి, "కొన్ని" అనేదానికి తర్వాత గుర్తు పెట్టాలి. వీటికి టెన్షన్ పడకు, నాలుగు రోజుల్లో చేతికొస్తాయి.

నా భయమంతా ఉనికి సంగతి దగ్గర, ఎగ్జిస్టెన్షియల్ ఇంపోర్ట్ అంటారే, అక్కడ. "అందరూ" అంటే అలాంటివాళ్లు ఉన్నారని కూడా చెప్పినట్టేనా అన్నదే ఆ చిక్కు. నేను పనిచేసిన ఒక కాలేజీలో పరీక్షలప్పుడు కాపీల గొడవ లేచింది. కాపీ కొట్టినవాళ్లంతా డిబార్ అవుతారు, అది రూలు. మిగతా గదులన్నీ అప్పటికే తనిఖీ చేశారు, ఎక్కడా ఏమీ దొరకలేదు. కాబట్టి కాపీ కొట్టినవాళ్లంతా వెనక గదిలోవాళ్లే. ఈ రెండు మాటలూ నిజమే. సాయంత్రానికి స్టాఫ్ రూములో మూడో మాట పుట్టింది: "వెనక గదిలో కొందరు డిబార్ అవుతారు." ఆ గదిలో పిల్లలు వరండాలో తల దించుకుని నడిచారు. ఒకమ్మాయి ఏడుస్తూ నా దగ్గరికొచ్చి "మేడమ్, నేనేం చేశాను?" అని అడిగింది. తీరా వెనక గదినీ తనిఖీ చేస్తే ఒక్కరూ కాపీ కొట్టలేదు. అప్పుడు కూడా మొదటి రెండు వాక్యాలూ అబద్ధం కాలేదు చూడు! కాపీ కొట్టినవాళ్ల గుంపు శూన్య సమితి, అంటే ఒక్కరూ లేని గుంపు, దాని గురించి "అందరూ" అని ఏం చెప్పినా చెల్లుతుంది. "కొందరు" అన్నప్పుడే మనిషి కనబడాలి. రెండు "అందరూ" మాటల నుంచి ఇలా "కొందరు" అని తేల్చే వాదనను పాత తర్కంలో డరాప్టి అనేవాళ్లు. శతాబ్దాలపాటు దాన్ని సరైన వాదన అనే నేర్పారు. ఆ అమ్మాయి ముఖం గుర్తొస్తే నాకు ఈ రోజుకీ ఆ పేరు మామూలు పేరులా వినబడదు.

సిలాజిజానికి ఉండగల మొత్తం 256 రూపాల్లో సంప్రదాయ తర్కం 24 చెల్లుతాయంటుంది. ఆధునిక తర్కం, బూలియన్ దృష్టి అంటారే, 15 దగ్గర ఆగుతుంది. మిగతా 9 పనికిరానివని కొట్టిపారెయ్యకు. "ఫలానావి ఉన్నాయి" అనే వాక్యం ఒకటి చేరిస్తే అవీ నిలబడతాయి. ఏవి ఉండాలో చూసుకోవడమే అసలు పని. డరాప్టి, ఫెలాప్టన్, ఫెసాపో అనే రూపాల్లో మధ్య పదానికి ఉనికి కావాలి. "అన్నీ" లేదా "ఏదీ కాదు" అనగలిగినచోట "కొన్ని" లేదా "కొన్ని కావు" అని తగ్గి చెప్పే అయిదింటిలో నిర్ధారణ దేని గురించో దానికి కావాలి. బ్రమాంటిప్ అనే రూపం ఒక్కదానిలో నిర్ధారణలోని విధేయానికి, అంటే దాని గురించి ఏం చెబుతున్నామో ఆ పదానికి, కావాలి. పిల్లలంతా అక్కడే జారేవాళ్లు. జవాబు మొదలుపెట్టేముందు ప్రశ్న ఏ దృష్టితో అడిగాడో చదువు. చదవకుండా రాశావో, నా చేత తిట్లు తింటావు.

మనవాళ్లకు ఈ చిక్కు తెలియక కాదు. అన్నంభట్టు రాసిన మన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో "గగనారవిందం సువాసన గలది, అరవిందం కాబట్టి" అనే ఉదాహరణ ఉంది. ఆకాశంలో పద్మమే లేదు, ఇక దేని గురించి సాధిస్తావని దాన్ని ఆశ్రయాసిద్ధి అనే దోషంగా లెక్కపెట్టారు. నైయాయికులు, అంటే మన న్యాయ దర్శనం వాళ్లు, వాదాన్ని గుమ్మంలోనే ఆపేస్తారు. ఆధునికులు "కుందేటి కొమ్ములన్నీ వాడిగా ఉంటాయి", "కుందేటి కొమ్ము ఏదీ వాడిగా ఉండదు" అనే రెండింటినీ నిజమని లోపలికి రానిస్తారు, "కొన్ని" అనబోతే మాత్రం ఆపుతారు. అది విని కంగారుపడకు. వైరుధ్య చతురస్రంలో, అంటే నాలుగు రకాల వాక్యాలను నాలుగు మూలల్లో పెట్టి వాటి మధ్య బంధాలు చూపే బొమ్మలో, ఎదురెదురు మూలల బంధాలు మాత్రమే మిగులుతాయి, మిగతావి జారిపోతాయి. మొదటిసారి విన్నప్పుడు ఎవరికైనా కాళ్ల కింద నేల కదిలినట్టే ఉంటుంది. నువ్వు భయపడి చదువు మానేస్తావేమోనని నా బెంగ, అందుకే ముందే చెబుతున్నాను.

అర్థం కాకపోతే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. ఈలోగా ఫెసాపోను వెన్ చిత్రంగా గీసి ఫోటో పంపు: పి లో ఏదీ ఎం కాదు, ఎం అన్నీ ఎస్, కాబట్టి కొన్ని ఎస్ లు పి కావు. ఇందులో ఎం మధ్య పదం. గీతలు కొట్టాక ఎం లో ఒకే ఒక్క భాగం తెల్లగా మిగులుతుంది. అందులో గుర్తు పెట్టడానికి ఏ వాక్యం కావాలో పక్కనే నీ మాటల్లో రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ