పాత పికప్‌లో కొత్త సెట్టు బిగించే ముందు

హైదరాబాద్

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పాత పికప్‌లోని క్యాసెట్ డెక్కు తీసేసి పెద్ద తెర ఉన్న స్టీరియో పెట్టించాలనుకుంటున్నానని మొన్న ఫోనులో అన్నావు. ఫోనులో చెప్పినవి నీకు బోయినపల్లి మార్కెట్ చేరేలోపే మరుపుకు వస్తాయి కనుక తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఆ తెర మాట మానుకో. నీ డ్యాష్‌బోర్డులో ఉన్నది పాత కొలత గుంట, అంటే సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. తెర ఉన్న సెట్లకు ఎత్తు 100 మిల్లీమీటర్ల దాకా కావాలి. అందుకోసం డ్యాష్‌బోర్డు కోస్తే ఎండకు పెళుసెక్కిన ఆ ప్లాస్టిక్ ఎక్కడిదాకా చీలుతుందో కోసేవాడికి కూడా తెలియదు. సీడీ లేకుండా బ్లూటూత్, యూఎస్‌బీ మాత్రమే ఉన్న సెట్టు తీసుకో. వాటిలో చాలావరకు లోతు తక్కువ ఉంటాయి కాబట్టి వెనుక వైర్లు ఇరుక్కోకుండా చోటు మిగులుతుంది. తెర మీద మిగిల్చిన డబ్బును స్పీకర్ల మీద పెట్టు.

పెట్టె మీద నాలుగు యాభైలు రెండు వందల వాట్లని రాసి ఉంటుంది. దాన్ని నమ్మకుండా సెట్టు వెనుక ఉన్న ఫ్యూజు చూడు. అది 10 ఆంపియర్లదైతే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు వచ్చే 14 వోల్టులతో గుణించినా 140 వాట్లే, అందులోనూ కొంత వేడిగా పోతుంది. ఒక్కో స్పీకరుకు నిలకడగా అందేది 15 నుంచి 20 వాట్లు, అంతే. అందువల్ల తక్కువ కరెంటుతో ఎక్కువ మోగే స్పీకర్లను ఎంచుకోవాలి. వాటి అట్ట మీద సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో ఒక అంకె ఉంటుంది. అది 3 పెరిగితే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం. చాలామంది దుకాణదారులు ఈ అంకె చూపించరు, నువ్వే అడిగి చూడు.

ఇక వైర్ల సంగతి. ఈ పనిలో నాకు భయమున్నది ఇక్కడే. కొత్త సెట్లలో సాధారణంగా పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తీసుకునేది, ఎరుపు వైరు తాళం తిప్పితేనే వచ్చేది, నలుపు ఎర్త్. ఎరుపుకు లైను వెతికే ఓపిక లేక రెండింటినీ కలిపి పసుపు లైనుకే చుట్టేసే వాళ్లున్నారు. అలా చేస్తే నువ్వు సెట్టు ఆపడం మరచిన రాత్రి బ్యాటరీ దిగిపోతుంది, తెల్లవారుజామున కూరగాయలు ఎత్తాల్సిన వేళ బండి తోయాల్సి వస్తుంది. రంగులను నమ్మి కలపవద్దు, పాత బండిలో ఎవరు ఎన్నిసార్లు వైర్లు మార్చారో తెలియదు కనుక ప్రతి వైరునూ వోల్టులు చూపే మీటరు పెట్టి చూసిన తరువాతే కలపాలి.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. పాతకాలపు బండ్లలో కొన్నింటికి స్పీకరుకు ఒకే వైరు వేసి, రెండోదాన్ని బాడీకి ఎర్త్ చేసేవారు. ఇప్పటి సెట్లలో స్పీకరు రెండు వైర్లలోనూ వోల్టేజీ ఉంటుంది కాబట్టి, వాటిలో ఏది బాడీకి తగిలినా లోపలి చిప్పు పోవచ్చు. నేను ఒకప్పుడు తొందరపడి పాత వైర్ల మీదే ఒక వ్యానుకు కొత్త సెట్టు కలిపి, పాట మొదలవకముందే పొగ చూశాను. ఆ సెట్టు ఖరీదు నా జేబులోంచే పోయింది. అందుకే ప్రతి స్పీకరుకూ సెట్టు దగ్గరి నుంచి రెండేసి కొత్త వైర్లు లాగించు. అతుకులకు ఉత్త టేపు చుట్టనీయకు. మన మే నెల ఎండలో మూసి ఉంచిన క్యాబిన్‌లో ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడిగించు. బండి పాత కప్లరును, అంటే వైర్లన్నీ ఒకచోట కలిసే ప్లాస్టిక్ ప్లగ్గును, మాత్రం కోయనీయకు.

స్పీకర్లు బిగించడానికి తలుపు అట్ట విప్పినప్పుడు లోపల ప్లాస్టిక్ షీటు కనబడుతుంది. వానకు అద్దం మీదుగా జారే నీరు కింది రంధ్రాల ద్వారా బయటికి పోయేలా అది అడ్డుంటుంది, కనుక దాన్ని చించి పారేయక మళ్లీ అంటించాలి. బిగించే ముందు అద్దం పూర్తిగా దింపి, అది స్పీకరు వెనుక అయస్కాంతానికి తగలడం లేదని చూసుకో. స్పీకరు మీది ప్లస్, మైనస్ గుర్తులు చెరిగిపోయి ఉంటే, దాన్ని సెట్టుకు కలపకముందు, రెండు కొనలకు 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించు. కోను, అంటే స్పీకరు ముందున్న గరాటులాంటి కాగితం, ముందుకు కదిలితే సెల్లు ప్లస్ తగిలిన కొనే ప్లస్. ఒక తలుపులో ప్లస్, మైనస్‌లు తారుమారైతే స్పీకర్లు ఎంత ఖరీదైనవైనా బేస్, అంటే పాటలోని లోతైన గుమ్మనే శబ్దం, పలచబడిపోతుంది, దుకాణంవాడేమో ఆంప్లిఫయర్ కొనమంటాడు.

ఇంజిన్ వేగంతోపాటు పెరిగే కీచు శబ్దం వస్తే ముందు ఎర్త్ చూడు. రంగు గీకి మెరిసే ఇనుముకు బిగించిన ఎర్త్‌తో చాలాసార్లు అది పోతుంది. ఏరియల్ సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి 101.9, 102.8 ఆకాశవాణి స్టేషన్లు పెట్టుకుని ఊరి బయటికి ఒక చక్కరు కొట్టిరా.

సామాను కోసం కోఠీలోని గుజరాతీ గల్లీకో రాణీగంజ్‌కో వెళ్లు. మాల్‌లో కొనవద్దు. బిల్లు లేకుండా అసలే కొనవద్దు. ఆదివారం ఉదయం బండి మా ఇంటికి తీసుకురా, బ్యాటరీ మైనస్ విప్పి ఇద్దరం కలిసి చేద్దాం, నా కళ్లు మునుపటిలా లేవు కనుక సన్న వైర్ల టంకం నువ్వే వేయాలి. విప్పిన పాత డెక్కును తూకానికి అమ్మేయకు. మీ పెద్దమ్మ దగ్గర ఇంకా రెండు పెట్టెల క్యాసెట్లున్నాయి.

ఇట్లు,
పెదనాన్న