పార్ట్‌టైమ్‌గా ఇతరుల గుర్రాలు చూసుకోవాలంటే ముందు ఏం కుదుర్చుకోవాలి?

ఉద్యోగం మానకుండా పొద్దున, సాయంత్రం ఇతరుల గుర్రాలు చూసుకునే పని మొదలుపెట్టాలనుందని, ఎంత అడగాలో చెప్పమని అడిగారు. నేను ఆరేళ్లుగా ఇదే చేస్తున్నాను. డబ్బు సంగతి తర్వాత, ముందు యజమానితో ఒక కాగితం రాసుకోండి.

మొదటి ఏడాది నాకు ఆ బుద్ధి లేదు. ఒక ముసలి ఆడగుర్రాన్ని నాకు అప్పజెప్పి యజమాని ఊరెళ్లారు. రెండో రోజు సాయంత్రం వెళ్లేసరికి పొద్దున వేసిన గడ్డి వేసినట్టే ఉంది. లాయంలో కొత్తగా ఒక్క లద్దె ముద్ద లేదు. అది ముంగాలితో నేల గీరుతూ, తల తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది. దవడ కింద వేళ్లు పెట్టి నాడి చూశాను, నిమిషానికి 60 దాటింది. ఊరికే నిలబడ్డ పెద్ద గుర్రానికి 28 నుంచి 44 లోపు ఉండాలి. కాలిక్, అంటే గుర్రాలకి వచ్చే కడుపునొప్పి అని అర్థమైంది. గుర్రాలు వాంతి చేసుకోలేవు, కడుపులో ఏదైనా పేరుకుంటే పైకి వచ్చే దారి లేదు. డాక్టర్ వచ్చి ముక్కులోంచి గొట్టం వేస్తూ, "తగ్గకపోతే ఆపరేషనే. ఒప్పుకునేది ఎవరు?" అన్నారు. యజమాని విమానంలో ఉన్నారు, ఫోన్ స్విచాఫ్. నేను నోరు తెరవలేకపోయాను. అదృష్టం కొద్దీ మందులతోనే తగ్గింది.

అప్పటినుంచి కాగితం లేనిదే పని ఒప్పుకోను. ఏ డాక్టర్‌ని పిలవాలి, ఎంత ఖర్చు దాకా నేనే సరే అనొచ్చు, యజమాని దొరక్కపోతే మాట చెల్లేది ఎవరిది, ఆపరేషన్‌కి ఒప్పుకుంటారా, బాధ తీరే దారి లేకపోతే ప్రాణం తీయించే నిర్ణయం ఎవరిది. చివరిది అడగ్గానే కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనివ్వండి.

మేత కూడా కిలోల్లో రాయించుకోండి. "ఒక డబ్బా దాణా" అంటారు, వాళ్ల డబ్బా వేరు, మీ డబ్బా వేరు. దాణా ఉన్నట్టుండి మారినా, పెరిగినా గుర్రం కడుపు తట్టుకోదు.

డబ్బు గంటకి కాదు, వెళ్లిన ప్రతిసారికి ఇంత అని చెప్పండి. దారి ఖర్చు, పండగ రోజుల అదనం మొదటే కలపండి. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఒకటి గట్టిగా అడగండి: బయటివాళ్లకి జరిగే నష్టమే కాదు, నా చేతిలో ఉన్న గుర్రానికి ఏమైనా అయితే అది కూడా వస్తుందా అని. చాలామంది అక్కడే దెబ్బ తింటారు. "పనిలో పనిగా కాస్త ఎక్కి తిప్పండి" అనేవాళ్లుంటారు, పాలసీలో స్వారీ లేకపోతే ఎక్కకండి.

మొదటిరోజు యజమాని ఎదుటే మీరే గుర్రాన్ని పట్టుకుని, నడిపించి, నాలుగు డెక్కలూ ఎత్తి శుభ్రం చేయండి. వెనక కాలు ఎత్తనివ్వని గుర్రం సంగతి ఒంటరిగా ఉన్నప్పుడు తెలియడం మంచిది కాదు. డెక్క గీరేటప్పుడు నల్లగా, కుళ్లు వాసన కొడితే అప్పుడే చెప్పేయండి, లేకపోతే రేపు అది మీ నిర్లక్ష్యం అవుతుంది. వెళ్లిన ప్రతిసారీ తిన్నది, తాగింది, లద్దె ఎలా ఉందో ఫోటోతో పంపిస్తాను. నా ఫోన్‌లో ఇంట్లోవాళ్ల ఫోటోల కన్నా లద్దె ఫోటోలే ఎక్కువ!

రెండు లాయాలు తిరిగేటట్టయితే బూట్లు, చేతులు కడక్కుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లకండి. స్ట్రాంగిల్స్ లాంటి అంటురోగం బకెట్ల మీద, చేతుల మీద పాకుతుంది.

ఇక మీకే జ్వరం వస్తే? గుర్రానికి సెలవు తెలియదు. ఈ పని తెలిసినవాళ్లు ఇంకొకరిని ముందే మాట్లాడుకుని, వాళ్లకి కూడా ఒకసారి ఆ గుర్రాన్ని చూపించి, వాళ్ల నంబరు కూడా అదే కాగితంలో రాయండి.