పాత షావుకారు మేడను చిత్రాల మ్యూజియంగా మారిస్తే, అంత పెద్ద కిటికీలను ఎందుకు మూసేస్తారు?

వెలుతురు తగిలేకొద్దీ చిత్రాల రంగు వెలిసిపోతుంది, పోయిన రంగు మళ్లీ రాదు, అందుకే మూస్తారు. విజయనగరం, శ్రీకాకుళం పాత వీధుల్లో కరెంటు లేని రోజుల్లో కట్టిన మేడలకు గాలీ వెలుతురూ ఆడాలనే నిలువెత్తు కిటికీలు పెట్టారు. మనుషులకు హాయే, కాగితానికీ బట్టకూ మాత్రం కాదు.

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. నీటిరంగుల చిత్రాలకు, అద్దకం బట్టలకు మ్యూజియాలు సాధారణంగా పాటించే హద్దు 50 లక్స్. తైలవర్ణ చిత్రాలకైతే 200 దాకా ఫర్వాలేదు. పగటిపూట కిటికీ పక్కన అది వేలల్లోకి పోతుంది. పైగా నష్టం పోగవుతూ ఉంటుంది. 50 లక్స్‌లో 8 గంటలు ఉంచిన నీటిరంగుల బొమ్మకు తగిలే మొత్తం వెలుతురు, 500 లక్స్‌లో 48 నిమిషాల్లోనే తగిలేస్తుంది.

అద్దాలకు యూవీ ఫిల్మ్ అంటిస్తే టెన్షన్ ఉండదని చాలామంది అనుకుంటారు. ఫిల్మ్ ఆపేది ప్రధానంగా అతినీలలోహిత కిరణాలనే. కంటికి కనిపించే వెలుతురూ రంగును చెరుపుతుంది, ఎండ నేరుగా పడకపోయినా సరే. రాతి, కంచు విగ్రహాలకు ఈ బెంగ లేదు కాబట్టి వెలుతురున్న గదులు వాటికి ఇవ్వొచ్చు.